ప్రపంచ కప్ అయిపోయాక ఏం చూడాలి? – నా అనుభవం

2022 ఖతార్ ప్రపంచ కప్ దాకా ఫుట్‌బాల్ అంటే నాకు నాలుగేళ్లకోసారి నెల రోజులు చూసి మర్చిపోయే ఆట. మెస్సీ, రొనాల్డో, ఎంబాపే పేర్లు తెలుసు, పెనాల్టీ అంటే తెలుసు, అంతే. ఆ డిసెంబర్ 18న అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్ చూశాక మాత్రం మర్నాడు బ్యాంకులో పని మీద మనసు నిలవలేదు. వీళ్లంతా మిగతా ఏడాది ఎక్కడ ఆడతారు? చూద్దామంటే ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

మా బ్రాంచిలో కేరళలోని మలప్పురం నుంచి వచ్చిన కుర్ర ఆఫీసర్ ఒకడున్నాడు. ఆర్సెనల్ అనే ఇంగ్లండ్ క్లబ్ అభిమాని. అడగడమే ఆలస్యం, కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్, స్పెయిన్‌లో లా లిగా, ఇటలీలో సెరీ ఆ, జర్మనీలో బుండెస్‌లిగా, ఫ్రాన్స్‌లో లిగ్ 1. ఇవి కాక ప్రతి దేశానికీ ఒక కప్పు, ఇంగ్లండ్‌కైతే రెండు. అవి కాక యూరప్ మొత్తానికి ఛాంపియన్స్ లీగ్, దాని కింద యూరోపా లీగ్, దాని కింద కాన్ఫరెన్స్ లీగ్. ఒకే జట్టు ఒకే నెలలో వీటిలో మూడింట్లో ఆడుతుంది. శనివారం లీగ్, బుధవారం యూరప్, తర్వాతి ఆదివారం కప్పు. రెండు నెలల్లో ఐపీఎల్ ముగించి లేచే అలవాటున్న నా బుర్రకి ఇది ఒక పట్టాన ఎక్కలేదు. "ఇవన్నీ ఎందుకు సార్, ఇప్పుడు మా ఆర్సెనలే టాప్‌లో ఉంది, ఇటు వచ్చేయండి" అన్నాడు చివరికి.

వెళ్లలేదు. అతని జట్టునే పట్టుకుంటే రిటైరయ్యేదాకా అతని దగ్గర పాఠాలు వినాల్సిందే. నేను వేరే దారి పట్టాను. ప్రపంచ కప్‌లో నాకు గుర్తుండిపోయిన ఆటగాళ్ల పేర్లు రాసుకుని, వాళ్లు ఏ క్లబ్బుల్లో ఆడతారో వెతికాను. ఫైనల్లో డి మారియా గోల్‌కి బంతి అందించిన మాక్ అలిస్టర్. స్పెయిన్ మ్యాచ్‌లో లైన్ దాటిపోయిందని అందరూ అనుకున్న బంతిని ఆఖరి క్షణంలో లోపలికి తోసిన జపాన్ ఆటగాడు మితోమా. సెనెగల్ మీద గోల్ కొట్టిన ఈక్వడార్ కుర్రాడు కైసెడో. ముగ్గురివీ మూడు దేశాలు, క్లబ్ మాత్రం ఒకటే: బ్రైటన్. ఆ పేరు నేనెప్పుడూ విని ఉండలేదు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఇంకేం వెతుక్కోనక్కర్లేదనిపించింది.

క్లబ్ చరిత్ర చదివితే అది మరీ బాగుంది. 1997లో బ్రైటన్ ప్రీమియర్ లీగ్‌కి మూడు మెట్లు కింద, నాలుగో డివిజన్‌లో అట్టడుగున ఉంది. అక్కణ్నుంచి జారితే లీగ్‌లోంచే బయటికి. పైగా క్లబ్ నడిపేవాళ్లు సొంత స్టేడియాన్ని అమ్మేశారు. చివరి రోజున హెర్‌ఫర్డ్‌లో 1-1 డ్రాతో ఎలాగో బతికింది. ఆ తర్వాత రెండేళ్లు వేరే ఊళ్లో, పన్నెండేళ్లు ఒక అథ్లెటిక్స్ గ్రౌండులో ఆడి, 2011లో గానీ సొంత స్టేడియం కట్టుకోలేదు. 2017లో ప్రీమియర్ లీగ్‌కి వచ్చింది. ఈ చరిత్ర తెలిశాక మ్యాచ్‌లో గ్యాలరీల్లో కనిపించే ముసలివాళ్ల ముఖాలు వేరేగా కనిపించాయి. ఏ క్లబ్ తీసుకున్నా చరిత్ర ఒక గంట చదవండి, స్కోర్లకంటే అదే ముందు పట్టేస్తుంది.

టైమింగ్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ చలికాలంలో మనకి రాత్రి 8:30కి వస్తుంది. మార్చి ఆఖరి ఆదివారం వాళ్లు గడియారం ముందుకి తిప్పుకుంటారు, అప్పట్నుంచి అక్టోబర్ ఆఖరు దాకా 7:30కే మొదలు. భోజనాల వేళకి సరిగ్గా సరిపోతుంది. తమాషా ఏమిటంటే ఆ 3 గంటల మ్యాచ్‌లు ఇంగ్లండ్‌లో టీవీలో రావు. జనం స్టేడియాలకి రావడం మానేస్తారని అక్కడ ఎప్పట్నుంచో నిషేధం. విజయవాడలో సోఫాలో కూర్చుని నేను చూసేది బ్రైటన్‌లో ఉన్నవాడు ఇంట్లో చూడలేడు! వారం మధ్యలో వచ్చే రాత్రి మ్యాచ్‌లే కష్టం, మనకి 12:30కో 1:30కో మొదలవుతాయి. ఉద్యోగస్తులు వాటి జోలికి తక్కువ వెళ్లడం మంచిది. ప్రసార హక్కులు కొన్నేళ్లకోసారి చేతులు మారుతుంటాయి, లీగ్ ఒక చోట, కప్పు ఇంకో చోట వస్తాయి. సీజన్ మొదట్లోనే చూసుకుని కావలసిందానికే డబ్బు కట్టాలి.

మొదటి మ్యాచ్‌లు అర్థమయ్యాయని చెప్పను. ఓవర్ల మధ్య విరామం లేదు, యాడ్స్ లేవు, టీ పెట్టుకోవడానికి లేస్తే ఏదో అయిపోతుంది. నలభై ఐదు నిమిషాలు ఏకధాటిగా చూడ్డం క్రికెట్ చూసేవాళ్లకి అలవాటు లేని పని. ఎవరెవరో తెలియదు. మా అమ్మాయి ఒక కాగితం మీద నంబర్లు రాసి టీవీ కింద అంటించింది: 5 డంక్, 7 సోలీ మార్చ్, 10 మాక్ అలిస్టర్, 22 మితోమా, 25 కైసెడో. ఆ అయిదుగురినే గుర్తుపట్టడం నేర్చుకున్నాను. మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే తెలిశారు.

నన్ను బాగా విసిగించింది డంక్. సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు కాపలా ఉండేవాడు. కెప్టెన్ కూడా. బంతి కాళ్ల దగ్గరికి రాగానే దాని మీద బూటు పెట్టి ఆగిపోయేవాడు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు, కదలడు. వెనకున్నది వాళ్ల గోల్, ఎదురుగా శత్రువు, మధ్యలో ఈయన తీరిగ్గా నిలబడ్డాడు. ముందుకి తన్నవయ్యా అని నేను టీవీ మీద అరిచేవాణ్ని. ఒకసారి మలప్పురం కుర్రాడు ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు నవ్వి, "సార్, మీరు డంక్‌ని చూడొద్దు. అతని ఎదురుగా ఉన్న స్ట్రైకర్ ఏం చేస్తున్నాడో చూడండి" అన్నాడు.

చూశాను. డంక్ ఆగేది ఆ స్ట్రైకర్ కోసమే. బంతి కదలకుండా ఉంటే ఎదుటివాడికి కాళ్లు ఆగవు, లాక్కుందామని పరిగెత్తుకొస్తాడు. అతను అడుగు వేసిన క్షణాన అతను వదిలి వచ్చిన జాగా ఖాళీ. డంక్ అప్పుడు అందులోకి బంతి పంపుతాడు, మాక్ అలిస్టరో కైసెడోనో ఒక్క టచ్‌తో దాన్ని ఇంకొకరికి తోస్తారు, అంతలో మితోమా అంచు వెంట పరుగు మొదలుపెట్టి ఉంటాడు. ఎదుటి జట్టులో ముగ్గురు నలుగురు వెనకబడిపోయి ఉంటారు. కబడ్డీలో రైడర్‌ని కావాలని లోపలికి రానిచ్చి పట్టేసినట్టు. కోచ్ డి జెర్బీ పద్ధతి అది. 2022 సెప్టెంబర్‌లో పాత కోచ్ పాటర్‌ని చెల్సీ క్లబ్ తీసుకుపోతే ఈ ఇటాలియన్ వచ్చాడు. మొదటి అయిదు మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవలేదు. ఆరో మ్యాచ్‌లో గెలిచాడు, అది కూడా పాటర్ తీసుకొచ్చిన చెల్సీ మీద 4-1తో.

ఆ రోజు నుంచి నేను బంతిని చూడటం తగ్గించాను. బంతి లేనివాళ్లు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఎవరిని వదిలేశారు అన్నదే చూడసాగాను. గోల్ లేని ఇరవై నిమిషాలు కూడా ఖాళీగా అనిపించడం మానేశాయి. రీల్స్‌లో గోల్స్ మాత్రమే చూసి ఫుట్‌బాల్ నేర్చుకుందామనుకునేవాళ్లకి ఇది ఎప్పటికీ దొరకదు. గోల్ క్లిప్పులో డంక్ ఉండడు.

జనవరి 14 భోగి. తెనాలిలో అత్తగారింట్లో ఉన్నాం. రాత్రి 8:30కి బ్రైటన్, లివర్‌పూల్ మ్యాచ్. అరుగు మీద ఫోన్ పెట్టుకుని కూర్చుంటే మా బావమరిది వచ్చి, "పండగ పూట కూడా ఇదేనా బావా, ఎవరు వీళ్లంతా" అని వేళాకోళం చేసి వెళ్లాడు. అంతకుముందు సీజన్‌లో లివర్‌పూల్ ఒక్క పాయింటు తేడాతో టైటిల్ పోగొట్టుకున్న జట్టు, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లిన జట్టు. బ్రైటన్ 3-0తో గెలిచింది. మార్చ్ రెండు గోల్స్, వెల్‌బెక్ ఒకటి. మధ్యలో గారెలు తెచ్చి పెట్టిన అత్తగారు ఎవరు గెలుస్తున్నారని అడిగితే "మనమే" అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

అదే నెలలో ఇంకో సంగతి తెలిసొచ్చింది. జనవరి అంతా ఆటగాళ్లని కొనే అమ్మే గడువు, వేసవిలో వచ్చే పెద్ద గడువు కాక. బ్రైటన్ మంచి ఫార్వర్డ్ ట్రోసార్‌ని ఆర్సెనల్ కొనేసింది. నెలాఖరుకి కైసెడో మీద పడింది. అతను వెళ్లనివ్వమని ఇన్‌స్టాగ్రామ్‌లో బహిరంగంగా ఉత్తరమే రాశాడు. ఆ వారమంతా బ్రాంచిలో కుర్రాడి మొహం వెలిగిపోయింది. "మీవాడు మావాడైపోతున్నాడు సార్." బ్రైటన్ ఒప్పుకోలేదు, కైసెడో ఉండిపోయాడు, మార్చిలో కొత్త కాంట్రాక్టు కూడా రాశాడు. ఐపీఎల్ వేలంలో జట్లన్నీ ఒకే పరిమితిలో కొంటాయి. ఇక్కడ డబ్బున్న క్లబ్ తలుపు కొడితే చిన్న క్లబ్ కాదనడానికి ఎంత ధైర్యం కావాలో, ఆ ధైర్యం ఎన్నాళ్లుంటుందో అప్పుడు అర్థమైంది.

ఫిబ్రవరి 11న నాకూ కుర్రాడికీ ఒకేసారి దెబ్బ తగిలింది. ఆఫ్‌సైడ్ రూల్ చదివితే చిన్నదే: బంతి తన్నిన క్షణానికి, ఎదుటి సగంలో ఉన్న ఆటగాడు బంతికంటే, గోల్‌కీపర్‌తో కలిపి ఎదుటి జట్టులో ఆఖరి నుంచి రెండోవాడికంటే గోల్‌కి దగ్గరగా ఉండకూడదు. ఆ శనివారం బ్రైటన్ ఆటగాడు ఎస్టుపిన్యాన్ కొట్టిన గోల్‌ని వీఏఆర్, అంటే వీడియో చూసి తేల్చే రిఫరీ, రద్దు చేసింది. తీరా చూస్తే గీత గీసింది తప్పు డిఫెండర్ దగ్గర్నుంచి. అదే రోజు ఆర్సెనల్ మీద బ్రెంట్‌ఫర్డ్ కొట్టిన గోల్‌కి అసలు గీతే గీయలేదు. రిఫరీల సంస్థ రెండు తప్పులూ ఒప్పుకుంది. పాయింట్లు మాత్రం తిరిగి రాలేదు. సోమవారం లంచ్‌లో ఆ గీతల్ని కాగితం మీద గీసుకుని తిట్టుకున్నాం. రూల్ నాకు అప్పుడే బాగా వచ్చింది.

ఎఫ్ఏ కప్ గురించి ఎవరూ ముందు చెప్పలేదు, అదే నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. నాలుగో డివిజన్ జట్లు కూడా లాటరీలో పెద్ద జట్ల ఎదుట పడతాయి. క్వార్టర్ ఫైనల్లో బ్రైటన్‌కి పడింది గ్రిమ్స్‌బీ, నాలుగో డివిజన్. చేపలు పట్టే ఊరు కాబట్టి అభిమానులు గాలి నింపిన ప్లాస్టిక్ చేపల్ని ఊపుతూ వచ్చారు. 5-0తో ఓడిపోతున్నా వాళ్లు పాడటం ఆపలేదు. సెమీఫైనల్ లండన్ వెంబ్లీ స్టేడియంలో మాంచెస్టర్ యునైటెడ్‌తో, 0-0, పెనాల్టీల్లో 7-6తో ఓటమి. బ్రైటన్ తరఫున తప్పిపోయింది ఒక్కటే, అది సోలీ మార్చ్‌ది. లివర్‌పూల్ మీద రెండు గోల్స్ కొట్టినవాడే.

ఏప్రిల్ వచ్చేసరికి నేను పాయింట్ల పట్టికని పేపర్లో వాతావరణం కాలమ్ చదివినంత మామూలుగా చదువుతున్నాను. ఇరవై జట్లు, ప్రతి జట్టూ మిగతా వాటితో రెండుసార్లు, మొత్తం 38 మ్యాచ్‌లు. గెలిస్తే 3, డ్రా అయితే 1. ప్లేఆఫ్స్ లేవు, ఫైనల్ లేదు, మే నెలాఖరుకి ఎవరు పైనుంటే వాళ్లదే టైటిల్. ఆ ఏడు మొదటి నాలుగు జట్లకి ఛాంపియన్స్ లీగ్, తర్వాతి రెండింటికి యూరోపా లీగ్, ఏడో జట్టుకి కాన్ఫరెన్స్ లీగ్. చివరి మూడు జట్లు కింది డివిజన్‌కి. అందుకే మేలో పన్నెండో స్థానంలో ఉన్నవాళ్లకి తప్ప అందరికీ టెన్షనే.

బ్రైటన్ ఆ మే నెలలో చేసింది ఏ లెక్కకీ అందదు. సొంత ఊళ్లో, దిగిపోయే ప్రమాదంలో ఉన్న ఎవర్టన్ చేతిలో 5-1తో ఓడింది. ఆరు రోజులకి టైటిల్ కోసం పోరాడుతున్న ఆర్సెనల్‌ని వాళ్ల గడ్డ మీదే 3-0తో కొట్టింది. ఆ ఓటమితో ఆర్సెనల్ ఆశలు దాదాపు ముగిసిపోయాయి. సోమవారం పొద్దున్న కుర్రాడు క్యాష్ కౌంటర్ దగ్గరే ఆపేసి, "మీరే ముంచారు సార్" అన్నాడు. పాపం, నిజంగానే దిగులుగా ఉన్నాడు. మాట్లాడకుండా కాఫీ తెప్పించాను. ఆ తర్వాతి వారం, అప్పటికే ఛాంపియన్ అయిపోయిన మాంచెస్టర్ సిటీతో 1-1. పరాగ్వే కుర్రాడు ఎన్సిసో చాలా దూరం నుంచి కొట్టిన గోల్ తర్వాత ఆ సీజన్‌కే ఉత్తమ గోల్‌గా నిలిచింది. ఆ ఒక్క పాయింటుతో ఆరో స్థానం, క్లబ్ చరిత్రలో మొదటిసారి యూరోపా లీగ్ ఖాయం. అర్ధరాత్రి 12:30 మ్యాచ్, మర్నాడు సెలవేమీ కాదు. వారం మధ్య మ్యాచ్‌లకి వెళ్లకండని పైన చెప్పాను కదా, దీన్ని లెక్కలోంచి తీసేయండి.

ఆఖరి ఆదివారం పది మ్యాచ్‌లూ ఒకేసారి మొదలవుతాయి, ఎవరూ పక్క స్కోర్ చూసుకుని ఆడకుండా. ఆ రోజు బ్రైటన్‌ని వదిలేసి అడుగు జట్లని చూశాను. ఎవర్టన్ 1-0తో గెలిచి గట్టెక్కింది. లీస్టర్ తన మ్యాచ్ గెలిచినా కిందికి పోయింది. 2016లో ఎవరూ ఊహించని విధంగా ఇదే లీగ్ గెలిచిన లీస్టర్. ఏడేళ్లకి రెండో డివిజన్. ఐపీఎల్‌లో ఆఖర్న నిలిచిన జట్టు మర్నాడు వేలం గురించి ఆలోచిస్తుంది. ఇక్కడ గ్యాలరీలో పెద్దవాళ్లు ఏడుస్తారు.

ఇదంతా చూశాక కొత్తవాళ్లు మధ్యలో ఉండే జట్టునే పట్టుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. రియల్ మాడ్రిడ్ లాంటి జట్టుతో మొదలుపెడితే గెలుపు మామూలు, ఓటమి అవమానం, మధ్యలో నేర్చుకునేది తక్కువ. మధ్య జట్టుకి అన్నీ తగులుతాయి: పెద్దవాళ్ల దోపిడీ, కప్పు ఆశ, యూరప్ లెక్కలు, కింద పడే భయం. బ్రాంచిలో అందరూ ఆడే ఫ్యాంటసీ లీగ్‌లో నేనూ చేరాను, పది కోట్ల ఊహా బడ్జెట్‌తో పదిహేను మందిని కొనుక్కునే ఆట. సరదాగానే ఉంది కానీ నా వాళ్ల మీద గోల్ కొట్టిన ఎదుటి ఆటగాడికి పాయింట్లు వచ్చాయని సంతోషించాల్సి రావడం నచ్చక మానేశాను.

ఆ వేసవిలో మాక్ అలిస్టర్ లివర్‌పూల్‌కి వెళ్లాడు. కైసెడో ఆగస్టులో చెల్సీకి, 10 కోట్ల పౌండ్లకి పైగా. ఆటగాడి వెంట పోవాలా, క్లబ్‌తో ఉండాలా? మా అమ్మాయి మాక్ అలిస్టర్ వెంట పోయి ఇప్పుడు లివర్‌పూల్ అభిమాని. నేను ఉండిపోయాను. దాని లాభం సెప్టెంబర్‌లో తెలిసింది. యూరోపా లీగ్ గ్రూపులో బ్రైటన్‌తో పాటు నెదర్లాండ్స్ నుంచి అజాక్స్, ఫ్రాన్స్ నుంచి మార్సెయ్, గ్రీస్ నుంచి ఏఈకే ఏథెన్స్. మొదటి మ్యాచే ఏథెన్స్ చేతిలో 3-2తో ఓటమి, మార్సెయ్‌లో రెండు గోల్స్ వెనకబడి 2-2, ఆఖరికి గ్రూపులో మొదటి స్థానం. అలా ఒక్క క్లబ్ చెయ్యి పట్టుకునే మిగతా దేశాల లీగులు చూశాను. కుర్రాడు కాగితం మీద రాసిందంతా అప్పుడు అర్థమైంది.

మనవాళ్లెవరూ అక్కడ ఆడరా అని మా అమ్మాయి అడిగింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరిందని చదివి చూపించాను. 1956 ఒలింపిక్స్‌లో భారత జట్టుని నాలుగో స్థానానికి చేర్చిన కోచ్ రహీమ్ హైదరాబాద్ వారేనని కూడా చెప్పాను. సౌమ్య ఫొటోలు వెతకడంలో పడి రెండోది వినలేదు.

ఇక మా బావమరిది. ఆ మేలోనే ఒక శనివారం సాయంత్రం మా ఇంట్లో ఉన్నాడు, టీవీలో జర్మనీ లీగ్ చివరి రోజు. డార్ట్‌మండ్ స్టేడియంలో ఒక వైపు గ్యాలరీలో పాతిక వేల మంది నిలబడి, మొత్తం పసుపు. ఎన్టీఆర్ కాలం నుంచి పసుపు జెండా మోసిన కుటుంబం వాళ్లది. "బావా, వీళ్లు మనోళ్లు" అని కుర్చీ లాక్కున్నాడు. గెలిస్తే పదేళ్లుగా టైటిల్ వదలని బయర్న్‌ని దించి డార్ట్‌మండ్ ఛాంపియన్. మైంజ్‌తో మొదట్లోనే రెండు గోల్స్ ఇచ్చుకుని, ఒక పెనాల్టీ పోగొట్టుకుని, ఆఖర్న 2-2 చేసింది. అక్కడ బయర్న్ 89వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టింది. రెండింటికీ సమాన పాయింట్లు, కొట్టిన గోల్స్‌కీ ఇచ్చుకున్న గోల్స్‌కీ మధ్య తేడా లెక్కలో టైటిల్ మళ్లీ బయర్న్‌దే. "ఇదేం దిక్కుమాలిన ఆట బావా" అని అన్నం కూడా తినకుండా తెనాలి బండెక్కాడు.

ఆగస్టులో సీజన్ మొదలయ్యే వారం అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "బావా, మన పసుపోళ్ల మ్యాచ్ ఎన్నింటికి?"